గోడ మీది, గది మాది

మేడ్చల్, శామీర్‌పేట అంటే ఒకప్పుడు ద్రాక్ష తోటలు. ఆ నేలల్లోనే ఇప్పుడు రెండు మూడంతస్తుల ఇళ్లు లేచాయి, వీధి వీధిలో టూలెట్ బోర్డులు వేలాడుతున్నాయి. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్ వైపు బిట్స్ ప్రాంగణం, నాగ్‌పూర్ హైవే పొడుగునా గోదాములు, కాలేజీలు. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ రైలు కూడా మేడ్చల్ దాకా వచ్చింది. చదువుకోసమో ఉద్యోగం కోసమో వచ్చి ఒక గదీ, హాలూ, వంటిల్లూ కిరాయికి తీసుకుని ఏళ్లకేళ్లు ఉండేవాళ్లు ఇక్కడ లెక్కలేనంతమంది. ఆ ఇంటిని అలంకరించుకోవాలా, ఎంతవరకు, ఎలా అన్న ప్రశ్న మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకరు మేడ్చల్‌లో ఇల్లు కట్టుకుని పై పోర్షన్లు కిరాయికిచ్చిన ఇంటావిడ. రెండోవారు పెడన నుంచి వచ్చి జీనోమ్ వ్యాలీలో ల్యాబ్ ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. మనుషులు కల్పితమే గానీ, వాళ్ల వాదాలు మాత్రం ఈ దారిలో రోజూ వినబడేవే.

ఇంటావిడ: తాళంచెవి ఇచ్చే ముందే ఒక ముచ్చట చెప్తున్న బిడ్డా. గోడకు మొల కొట్టొద్దు. స్టిక్కర్లు అతికియ్యొద్దు. రంగు మార్చొద్దు. ఇగ మిగిలింది నీ ఇష్టం.

అమ్మాయి: ఇంకేం మిగిలింది పిన్నిగారూ? పది అడుగుల గది. వంటింట్లో ఇద్దరు నిలబడితే భుజాలు తగులుతాయి. నాలుగు గోడలూ తెలుపే, పైన ఒక్క ట్యూబ్‌లైటు. ల్యాబ్‌లో పొద్దస్తమానం తెల్లగోడల మధ్యే ఉంటాను. ఇంటికొచ్చినా అదే కనిపిస్తే ఇంటికొచ్చినట్టు ఉండదు.

ఇంటావిడ: పెండ్లయిన కాడికెల్లి పిల్లలు పెద్దగయ్యేదాంక మేము కిరాయి ఇండ్లల్లనే ఉన్నం. ఒక్క క్యాలెండర్ తప్ప గోడకు ఏం పెట్టలే. గట్ల దాచిన పైసలతోనే ఈ ప్లాటు కొన్నం, ఈ ఇల్లు కట్టినం. కిరాయి ఇంటికి సోకులు చేసుడంటె పక్కింటి పెండ్లికి మన పైసలతోని పందిరి ఏసినట్టే.

అమ్మాయి: మీరు దాచుకోవడం గొప్ప విషయమే. కానీ ఒక్క మాట చెప్పండి, ఆ ఏళ్లన్నీ మీకు ఇల్లు లేనట్టేనా? అగ్రిమెంటు పదకొండు నెలలకే రాసుకుంటాం. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదని 1908 నాటి చట్టం చెబుతుంది గనక అందరూ అలాగే రాసుకుంటారు. కాగితం మీద పదకొండు నెలలైనా మనిషి ఉండేది మూడేళ్లు, ఐదేళ్లు. పిల్లలు పుట్టేది, పండగలు చేసుకునేది, జ్వరమొస్తే పడుకునేది ఆ ఇంట్లోనే. సొంతిల్లు వచ్చేదాకా అందాన్ని వాయిదా వేస్తే మంచి వయసంతా ట్యూబ్‌లైటు కిందే గడిచిపోతుంది.

ఇంటావిడ: నీ బాధ నాకు సమజైంది. నా గోడ బాధ గూడ నువ్వు సమజ్ చేసుకోవాలె. ఇది నాలుగించుల గోడ. సుత్తెతోని మొల కొడితె అది సక్కగ దిగదు, చుట్టు ప్లాస్టరు అరచెయ్యంత పెచ్చు లేస్తది. నువ్వు పోయినంక పుట్టీ పెట్టి, సాండ్‌పేపరు కొట్టి, అంతవరకు రంగేస్తె ఆ తావు మచ్చ లెక్క కనబడ్తది. మల్ల గోడ మొత్తం రంగెయ్యాల్సిందే. ఇంకోటి, స్విచ్చుబోర్డు మీదికెల్లి నిలువుగ వైర్లు పోతయి. బాత్రూం పక్క గోడల నీళ్ల పైపులుంటయి. ఇంతకు ముందటి పిలగాడు తెల్వక డ్రిల్లు పెట్టిండు, పైపు పగిలింది, హాలంతా నీళ్లే.

అమ్మాయి: ఆ భయం న్యాయమైనదే. స్విచ్చుబోర్డుకు నిలువు గీతలో పైనా కిందా, బాత్రూం గోడకూ డ్రిల్లు పెట్టకూడదని అందరూ తెలుసుకోవాలి. గమ్ హుక్కుల సంగతి కూడా అంతే. నున్నటి టైలుకు, స్టీలుకు, సన్‌మైకా తలుపుకు అవి బాగా పట్టుకుంటాయి. డిస్టెంపర్ గోడకు అతికిస్తే పట్టుకునేది పైనున్న రంగు పొరనే, కాస్త బరువు పడగానే పొరతో సహా ఊడి వస్తాయి. ఇంటికి నష్టం చేయనని నేను మాటిస్తాను. ఏది నష్టం, ఏది మామూలు వాడకం అన్నది మాత్రం ముందే తేల్చుకుందాం.

ఇంటావిడ: అది ఎట్ల తేలుస్తవు? ఓనరుకు అన్నీ నష్టమే, కిరాయోళ్లకు అన్నీ మామూలే.

అమ్మాయి: కేంద్రం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టానికి ఆమోదం తెలిపింది. రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే అది అమలవుతుంది. అయినా అందులో చేసిన వాటాలు మనకు పనికొస్తాయి. ఇంటి అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదు. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు ఓనరు చూసుకోవాలి. కుళాయి వాషరు, స్విచ్చు, పగిలిన కిటికీ అద్దం, తలుపు గొళ్లెం కిరాయిదారు చూసుకోవాలి. కట్టడంలో మార్పు చేయాలంటే ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. జపాన్‌లో అయితే ఈ తగాదాలు పెరిగి పెరిగి, 1998లో ప్రభుత్వమే మార్గదర్శకాలు రాసింది. పోస్టరుకు గుచ్చిన పిన్ను రంధ్రాన్ని మామూలు వాడకంగా ఎంచి ఓనరు భరించాలన్నారు. మేకులు, స్క్రూల రంధ్రాల ఖర్చు కిరాయిదారు మీద పెట్టారు.

ఇంటావిడ: చూసినవా, అంత దూరంల గూడ మొలకు కిరాయోళ్లే కడ్తున్నరు.

అమ్మాయి: పిన్నుకు ఓనరు కడుతున్నాడు కదా పిన్నిగారూ! సరే, మొల మాట పక్కన పెడదాం. గోడను ముట్టుకోకుండా ఈ గదిని మార్చి చూపిస్తాను, అప్పుడు చెప్పండి. మొదట వెలుగు. కూర్చున్నప్పుడు కంటి ఎత్తులో ఉండేలా ఒక టేబుల్ లైటు పెడతాను. బల్బు డబ్బా మీద 6500 కె అని ఉంటే ఆస్పత్రిలోలాంటి తెల్లటి వెలుగు, 2700 కె గానీ 3000 కె గానీ ఉంటే దీపంలాంటి పసుపు వెలుగు. చదువుకోవడానికి తెలుపు ఉండనీ, సాయంత్రం కూర్చోవడానికి పసుపు వేసుకుంటాను. 9 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగినా నెలకు యూనిట్టున్నర కూడా కాలదు.

ఇంటావిడ: అది మంచిగనే ఉంది. తెరలకు మాత్రం మొల కావాలె గద?

అమ్మాయి: మీరు పెట్టించిన కర్టెన్ రాడ్డు చాలు. తెరను కిటికీ అంచు దగ్గర ఆపేయకుండా నేలదాకా దించితే గది ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది. దానికోసం కొత్త గుడ్డ కూడా కొనను. అమ్మ పాత నూలు చీర ఉంది. అయిదున్నర మీటర్ల చీర అంటే పద్దెనిమిది అడుగులు. ఏడున్నర అడుగుల చొప్పున కత్తిరిస్తే, పైన రాడ్డు దూర్చే మడతా కింద అంచు మడతా పోను, ఏడడుగుల తెరలు రెండు వస్తాయి. కొంగు వైపు మిగిలిన మూడడుగుల్లో దిండు గలీబులు రెండు. టైలరు తీసుకునేది కుట్టు కూలి మాత్రమే. అంచు ఉన్న చీరైతే ఆ అంచే తెరకు అందం.

ఇంటావిడ: ఆ సెల్ఫులు మరి? తలుపులు పెట్టియ్యలేదని అందరూ అడుగుతరు.

అమ్మాయి: కడప బండల సెల్ఫులు గట్టివి, నాకు నచ్చాయి. కాకపోతే డబ్బాలు, సంచులు, మందులు, చార్జర్లు అన్నీ బయటికే కనబడతాయి. చిన్న గది చిందరవందరగా అనిపించేది వాటివల్లే. రెండు గోడల మధ్య ఒత్తుకుని నిలబడే స్ప్రింగు రాడ్లు దొరుకుతాయి, స్క్రూ అక్కర్లేదు. ఒకటి బిగించి పెడన అద్దకం గుడ్డ వేలాడదీస్తాను. మా ఊళ్లో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ అది. ఒక్క గుడ్డతో ఆ గోడ ఇంటికే పెద్ద బొమ్మవుతుంది, వెనక సామాను కనపడదు. నిలువుటద్దం కూడా గోడకు కొట్టను. నేలమీద నిలబెట్టి గోడకు ఆనించి, పడిపోకుండా వెనక తాడుతో కిటికీ గ్రిల్లుకు కడతాను. కిటికీ పక్క గోడకైతే వెలుగు లోపలికి పంచుతుంది. పడమటి కిటికీకి ఎదురుగా పెడితే ఎండాకాలం మధ్యాహ్నం ఎండ కళ్లలోకి కొడుతుంది.

ఇంటావిడ: నువ్వు తెచ్చే సంగతే చెప్తున్నవు, తీసే సంగతి చెప్తలేవు. మా చిన్నప్పుడు మాకు ఒకటే అర్ర. తెల్లారంగనే మంచాలు గోడకు నిలబెట్టేది. అదే అర్రల తినేది, సుట్టాలొస్తె కూసోబెట్టేది, రాత్రి పండేది. అర్ర చిన్నగుందని ఒక్కలు అనలే, ఎందుకంటె అండ్ల ఏం లేకుండె. ఇప్పుడొచ్చేటోళ్లు సోఫా, డైనింగ్ టేబులు, డబుల్ కాటు, టీవీ స్టాండు అన్నీ ఎక్కిచ్చి, ఆంటీ హాలు చిన్నగుంది అంటరు. హాలు చిన్నగ లేదు బిడ్డా, సామాను పెద్దగుంది. ఈ హైవే దుమ్ముల వస్తువు పెరిగిన కొద్ది తుడిచే పని పెరుగుతది. ముందుగాల తగ్గియ్యి, తర్వాత అలంకరణ అను.

అమ్మాయి: ఇది మాత్రం మీరు గెలిచారు. డైనింగ్ టేబులు కొనను. మడత టేబులు ఒకటి, తినేటప్పుడు తెరిచి తర్వాత గోడకు ఆనిస్తాను. మంచం బదులు కింద సామాను పెట్టుకునే దివాన్. ఇనప ట్రంకుపెట్టె మీద వరంగల్ జంపఖానా మడిచి వేస్తే కూర్చోవడానికి బల్ల, లోపల చలికాలం దుప్పట్లు. కింద కాళ్లున్న సామాను కొంటే కిందినుంచి నేల కనపడుతుంది, గది విశాలంగా ఉంటుంది, చీపురు కూడా దూరుతుంది. వానాకాలం గోడ అడుగున చెమ్మ వస్తుంది గనక ఏ సామానైనా గోడకు రెండించుల ఎడంగా పెడతాను. కానీ ఖాళీగా ఉంటేనే ఇల్లు అన్నమాట నేను ఒప్పుకోను. హాస్టల్ గది కూడా ఖాళీయే. ఇది నాది అనిపించే వస్తువు ఒక్కటైనా కంటికి ఎదురుగా ఉండాలి.

ఇంటావిడ: ఒక్కటంటవు, అది పది అయితది. అన్నీ ఇల్లు మారేటప్పుడు పగుల్తయి.

అమ్మాయి: అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. ఇల్లు మారేటప్పుడు నా సామానంతా ఒక్క చోటా హాథీ బండిలో పట్టాలి. దాని తొట్టి ఏడడుగుల పొడవు. అందులో ఎక్కనిది, వచ్చే ఇంట్లో ఇమడనిది కొనను. గోడకు అంటించే వాల్‌పేపరు, కొలతకు చేయించిన టీవీ యూనిట్టు నాతో రావు, వాటిమీద రూపాయి కూడా పెట్టను. చుట్టేవి, మడిచేవి, పేర్చేవి అయితే వస్తాయి. మనం ఉన్న చోటు చూడండి. మేడ్చల్ మీదుగా పోయే హైవే నిర్మల్ వెళ్తుంది, పొనికి చెక్కతో బొమ్మలు చేసే ఊరు. శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి సిద్దిపేట వైపు వెళ్తుంది, ఆ పక్కనే చేర్యాల. చేర్యాల నకాషీ బొమ్మలు మొదట గోడకు కొట్టడానికి వేసినవి కావు. చింతగింజల జిగురు, సుద్ద పట్టించిన గుడ్డ మీద కులపురాణాలు గీసి, కథలు చెప్పేవాళ్లు చుట్ట చుట్టుకుని ఊరూరా తీసుకెళ్లేవారు. విప్పితే కథ, చుడితే చంకలో ఇమిడే కట్ట. ఇల్లు మారుతూ ఉండే మనిషికి ఇంతకంటే తగిన బొమ్మ ఏముంది?

ఇంటావిడ: అవి అగ్గువకు వస్తయా?

అమ్మాయి: పెద్ద పటం ఖరీదే. చిన్న ముఖం బొమ్మ ఒకటి చాలు, సెల్ఫులో నిలబడుతుంది. మిగతావి గురువారం జుమ్మెరాత్ బజార్లోనో, ఆదివారం ఎర్రగడ్డ సంతలోనో వెతుక్కోవచ్చు. పాత ఇత్తడి చెంబు దొరికితే తోమి పూలు పెట్టుకుంటాను.

ఇంటావిడ: ఇత్తడి చెంబు మా అటక మీద ఉంది, ఇస్త తీయి. కని ఒక సంగతి అడుగుత. నువ్వు గిన్ని చెప్తున్నవు, మరి గడప ముందు ముగ్గేస్తవా? మా కిరాయోళ్లల్ల సగంమంది వాకిలి ఊడ్వరు. లోపట మాత్రం రంగురంగుల లైట్లు పెడ్తరు. నాకైతె పొద్దుగాల కడిగిన గడప, పసుపు, రెండు పూలు, దసరాకు బంతిపూల తోరణం, బతుకమ్మ పండుగకు ఇంట్ల తంగేడు పూల వాసన, గిదే అలంకరణ. గోడకు ఏం కాదు, పైసలు గావు.

అమ్మాయి: మీరు ఇప్పుడన్నదే నేను ఇందాకటి నుంచీ చెప్పాలనుకుంటున్నది! ముగ్గు పొద్దున వేస్తాం, సాయంత్రానికి చెరిగిపోతుంది. తోరణం వాడితే తీసేస్తాం. బతుకమ్మను నీళ్లలో వదులుతాం. మా వైపు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు, పండగ కాగానే బొమ్మలన్నీ గుడ్డల్లో చుట్టి పెట్టెలోకి వెళ్తాయి. మనవాళ్లు ఇంటికి చేసే అలంకరణలో ఎక్కువ భాగం పెట్టి తీసేదే. సొంతిల్లున్నవాళ్లు కూడా అలాగే చేస్తున్నప్పుడు, కిరాయి ఇంటికి అలంకరణ ఎందుకన్న ప్రశ్నే రాకూడదు. దసరాకు ఒక గుడ్డ, సంక్రాంతికి ఒక గుడ్డ మారిస్తే కొత్తది కొనకుండానే ఇల్లు కొత్తదవుతుంది. ముగ్గు రోజూ నేనే వేస్తాను.

ఇంటావిడ: ఏస్తే మంచిదే. మరి మొక్కలు పెడ్తవా? టీవీల చెప్పిన్రు, గదిల పెట్టుకుంటె గాలి సాఫ్ అయితదట.

అమ్మాయి: ఆ మాట 1989 నాటి నాసా ప్రయోగం నుంచి వచ్చింది. అది గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెల్లో చేసింది. 2019లో అలాంటి ప్రయోగాలన్నీ తిరిగి లెక్కగట్టి చూశారు. మామూలు ఇంట్లో బయటి గాలి వచ్చిపోవడం వల్ల జరిగే శుభ్రానికి సమానం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. గాలి కోసం కిటికీ తెరుద్దాం, కంటి కోసం మొక్కలు పెట్టుకుందాం. గాజు సీసాలో మనీప్లాంటు, కిటికీ దగ్గర స్నేక్ ప్లాంటు. సీసాలో నీళ్లు వారం వారం మారుస్తాను, లేకపోతే దోమలు.

ఇంటావిడ: కుండీ కింద పళ్లెం ఉండాలె, నీళ్లు కారి నేల మీద మరక పడొద్దు. బాల్కనీ పిట్టగోడ మీద మాత్రం కుండీ పెట్టనియ్య. గాలిదుమారమొస్తె కింద పోయేటోళ్ల నెత్తి మీద పడ్తది.

అమ్మాయి: పిట్టగోడ లోపల, నేలమీదే పెడతాను. ఇక మిగిలింది ఒక్కటే, వంటింట్లో గిన్నెల స్టాండు. అది గోడకు బిగించకపోతే ఈ వంటింట్లో గట్టు మొత్తం పళ్లాలకే సరిపోతుంది. తరిగే చోటు ఉండదు. దీనికి మాత్రం నా దగ్గర వేరే ఉపాయం లేదు.

ఇంటావిడ: ప్రతి కిరాయిదారు తన స్టాండు తెచ్చి తన కొలతకు నాలుగు తూట్లు పొడుస్తడు. ఇంకొకలొచ్చి ఇంకో నాలుగు. ఆ గోడ జల్లెడైంది.

అమ్మాయి: అయితే అందరికీ కలిపి ఒకేసారి మీరే బిగించండి. పాత ఇళ్లలో గోడ కట్టేటప్పుడే చిలక్కొయ్యలు దిగవేసేవారు కదా, తర్వాత ఎవరూ మొల కొట్టే అవసరం ఉండేది కాదు. అదే పద్ధతి. హాల్లో వైర్లూ పైపులూ లేని గోడకు, తల ఎత్తుకు కాస్త పైన, నాలుగడుగుల టేకు పట్టీ ఒకటి. రాల్ ప్లగ్గులు వేసి నాలుగు స్క్రూలతో బిగించి, దానికి ఎనిమిది హుక్కులు. వంటింట్లో ఒక స్టీలు స్టాండు. ఎవరొచ్చినా బొమ్మ, సంచీ, గడియారం, తోరణం ఆ పట్టీకే తగిలించుకుంటారు. గోడ ముట్టరు. మీ మేస్త్రీ, మీ కొలత, మీ కళ్లముందే.

ఇంటావిడ: గిది మంచిగుంది. నా గోడకు నేను కొట్టిచ్చుకుంటె నాకు భయమేముంది? టూలెట్ బోర్డు మీద గూడ రాసుకోవచ్చు, స్టాండు ఉంది, హుక్కులు ఉన్నయని. మరి కాగితంల ఏం రాద్దాం?

అమ్మాయి: నాలుగు మాటలు చాలు. దిగేరోజు ప్రతి గోడకూ ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోవాలి. పట్టీ, స్టాండు తప్ప వేరేచోట తూటు పెట్టకూడదు, పెడితే పుట్టీ పెట్టి రంగు వేయించే ఖర్చు నాది. మూడేళ్లు దాటాక రంగు వెలిసిపోతే అది వాడకం, ఆ ఖర్చు మీది. స్విచ్చు, కుళాయి చెడితే నేను చూసుకుంటాను.

ఇంటావిడ: ఒప్పుకున్న. పైసల సంగతిల మాత్రం నేను మారలే. నెల నెల ప్లాటుకని ఇంత పక్కకు పెట్టినంకనే తెర అయినా, బొమ్మ అయినా. నేను ఈ మేడ్చల్‌ల ఇల్లు కట్టింది గట్లనే.

అమ్మాయి: నేనూ మారలేదు పిన్నిగారూ. దాచుకుంటాను, ప్లాటు కూడా కొంటాను. అందాకా మాత్రం ఇదే నా ఇల్లు. ఉన్న ఇంటిని చూసుకోవడం ఇప్పుడే అలవాటు కాకపోతే, సొంతిల్లు వచ్చిన రోజున ఒక్కసారిగా రాదు. మీ గోడను కాపాడతాను, గదిని మాత్రం నాలా ఉంచుకుంటాను.

ఇంటావిడ: సరే బిడ్డా. ఆదివారం వడ్రంగిని పిలుస్త, నువ్వు గూడ ఇంట్లనే ఉండు, ఎత్తు నువ్వే చూపియ్యి. రెండు పోర్షన్లకు ఒక్కపారే పట్టీలు కొట్టిస్త. పైకి వచ్చేటోళ్లకు గూడ ఇల్లు ఇల్లు లెక్క కావాలె గద.